మంచితనం ఒక్కటే చాలా? గ్రీకు తత్వవేత్తల మధ్య తెగని తగాదా

అరిస్టాటిల్ మామూలుగా ఎవరినీ కసురుకోడు. తనకు ముందున్నవాళ్లు ఏమన్నారో వరసగా చెప్పి, అందులో నిజం ఎంతో ఓపిగ్గా తూచి, ఆ తర్వాతే తన మాట చెబుతాడు. అలాంటి మనిషి 'నికోమాకియన్ ఎథిక్స్' ఏడో భాగంలో ఒకచోట ఓపిక వదిలేస్తాడు. చక్రానికి కట్టి చిత్రహింసలు పెడుతున్నా, ఘోరమైన కష్టాల్లో కూరుకుపోయినా, మంచివాడైతే చాలు ఆ మనిషి ధన్యుడే అనేవాళ్లు తెలిసో తెలియకో అర్థం లేని మాటలు మాట్లాడుతున్నారని తేల్చేస్తాడు. ఎవరి పేరూ ఎత్తడు. కానీ ఆ దెబ్బ సోక్రటీస్‌కు, కొంతవరకు తన గురువు ప్లేటోకు కూడా తగులుతుంది.

ఆయన తేల్చినంత మాత్రాన ఈ తగాదా తెగలేదు. ఆయన పోయాక మూడు వందల ఏళ్ల దాకా ఏథెన్స్‌లోనూ రోమ్‌లోనూ తత్వం చెప్పిన ప్రతి బడీ దీనికి తనదైన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మనిషి బతుకు బాగుపడటానికి మంచి గుణం ఒక్కటే సరిపోతుందా, లేక కాలం కూడా కలిసి రావాలా అన్నదే ఆ ప్రశ్న.

గ్రీకు నీతిశాస్త్రంలో మొదటి ప్రశ్న 'ఈ పని తప్పా ఒప్పా' అని కాదు, 'ఎలా బతకాలి' అని. దానికి అందరూ ఒప్పుకునే జవాబు 'యుడైమోనియా'. ఇది ఒక సాయంత్రం హాయిగా గడిచినప్పటి సంతోషం కాదు. మొత్తం బతుకును కలిపి చూసి, ఇది నిండైన బతుకు, ఈ మనిషి ధన్యుడు అనిపించే స్థితి. దాన్ని అందుకోవడానికి కావాల్సింది 'అరెటే', అంటే సద్గుణం. ప్లేటో 'రిపబ్లిక్'లో సోక్రటీస్ ద్రాక్ష తీగలు కత్తిరించే కత్తిని చూపిస్తాడు. ఏ కత్తితోనైనా తీగ కోయొచ్చు గానీ ఆ పని కోసమే చేసిన కత్తి బాగా కోస్తుంది. అలాగే బతకడమనే పనిని బాగా చేయించేది మనిషిలోని ధైర్యం, నిగ్రహం, న్యాయం, వివేకం. ఇంతవరకు పేచీ లేదు. ఈ గుణాలన్నీ ఉన్నవాడి నెత్తిన పిడుగు పడితే ఏమిటన్న దగ్గరే అసలు పేచీ.

తత్వవేత్తలకంటే ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్రలో ఈ ప్రశ్న ఒక కథగా కనిపిస్తుంది. లిడియా రాజు క్రీసస్ తన ఖజానా అంతా చూపించి, లోకంలో అందరికన్నా ధన్యుడెవరని ఏథెన్స్ పెద్దమనిషి సోలన్‌ను అడుగుతాడు. తన పేరే చెబుతాడని ఆశ. సోలన్ టెల్లస్ అనే మామూలు ఏథెన్స్ పౌరుడి పేరు చెబుతాడు. పిల్లలు మంచివాళ్లు, మనవలందరూ బతికి బట్టకట్టారు, ఊరు చల్లగా ఉంది, చివరికి ఎలూసిస్ దగ్గర శత్రువును తరిమికొడుతూ చనిపోతే ఊరంతా కలిసి అక్కడే గౌరవంగా సమాధి చేసింది. రాజుకు కోపం వస్తుంది. మనిషి ఆయుష్షు 70 ఏళ్లనుకుంటే గ్రీకుల అధికమాసాలతో కలిపి 26,250 రోజులు, అందులో ఏ రెండు రోజులూ ఒకలా ఉండవు, కాబట్టి ఎవరినైనా చనిపోయేదాకా ధన్యుడు అనకూడదంటాడు సోలన్. తర్వాత క్రీసస్ కొడుకు అటిస్ పంది వేటలో బల్లెం తగిలి పోతాడు. క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ చేతిలో రాజ్యమే పోతుంది. ఓడలు బళ్లవడమంటే అదే. సోలన్, క్రీసస్ నిజంగా కలిశారా అంటే చరిత్రకారులకు అనుమానమే, ఎందుకంటే కాలాల లెక్క సరిపోదు. కానీ ఆనాటి గ్రీకుల మామూలు నమ్మకం ఏమిటో కథ స్పష్టంగా చెబుతుంది. మంచి బతుకులో సగం మన చేతిలో ఉంటుంది, మిగతాది దేవుళ్ల చేతిలో.

సోక్రటీస్ ఈ నమ్మకాన్ని తలకిందులు చేశాడు. క్రీ.పూ. 399లో 70 ఏళ్ల వయసులో మరణశిక్ష విన్నాక, మంచివాడికి బతికుండగా గానీ చచ్చాక గానీ ఏ కీడూ జరగదని న్యాయసభలోనే అన్నట్టు ప్లేటో రాశాడు. ప్లేటో రాసిన 'గోర్గియాస్' సంభాషణలో పోలస్ అనే యువకుడు మాసిడోనియా రాజు ఆర్కెలావుస్‌ను ఉదాహరణగా తెస్తాడు. బాబాయిని చంపాడు, అతని కొడుకును చంపాడు, సింహాసనానికి వారసుడైన ఏడేళ్ల తమ్ముణ్ణి బావిలో తోయించాడు, ఇప్పుడు రాజభోగాలు అనుభవిస్తున్నాడు, అతను ధన్యుడు కాడా అంటాడు. కాడు, అతనంత దౌర్భాగ్యుడు లేడంటాడు సోక్రటీస్. అన్యాయం చేయడం కంటే అన్యాయానికి గురి కావడమే మేలు. శరీరానికి రోగం ఎలాంటిదో మనసుకు అన్యాయం అలాంటిది. ఆ మనసే కుళ్లిపోయాక సింహాసనం ఏం చేసుకోవడానికి?

ప్లేటో నిజాయితీ ఏమిటంటే, ఈ వాదానికి ఎదురయ్యే అతి కఠినమైన పరీక్షను తనే పెట్టాడు. 'రిపబ్లిక్' రెండో భాగంలో సోక్రటీస్‌తో వాదించే గ్లౌకాన్ ఇద్దరు మనుషుల్ని ఊహించమంటాడు. ఒకడు పరమ దుర్మార్గుడు, కానీ జీవితాంతం ధర్మాత్ముడన్న పేరుతోనే బతుకుతాడు. రెండోవాడు నిజమైన ధర్మాత్ముడు, కానీ లోకమంతా అతన్ని దుర్మార్గుడనుకుంటుంది. కొరడాలతో కొడతారు, గొలుసులు వేస్తారు, కళ్లు కాల్చేస్తారు, చివరికి కొర్రు ఎక్కిస్తారు. ఈ రెండు బతుకుల్లో ఏది మేలు? మిగతా ఎనిమిది భాగాలూ ఈ ప్రశ్నకు జవాబే. కోరిక, పౌరుషం, బుద్ధి మూడూ తమ తమ చోట ఉన్న మనసుకే ప్రశాంతత ఉంటుందని, నియంత మనసు తన కోరికలకే బానిస అని ప్లేటో చూపిస్తాడు. దుర్మార్గుడి బతుకు నరకమని ఆయన బాగానే నమ్మించాడు. కొర్రు మీదున్నవాడి బతుకు దానికంటే మేలన్నంత వరకు ఒప్పుకోవచ్చు. కానీ మేలైన బతుకు వేరు, నిండైన బతుకు వేరు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని పట్టుకున్నవాడు అరిస్టాటిల్.

ఆయన స్టాగిరా అనే ఊళ్లో క్రీ.పూ. 384లో వైద్యుడి కొడుకుగా పుట్టాడు. 17 ఏళ్లకు ఏథెన్స్ వచ్చి, ప్లేటో అకాడమీలో 20 ఏళ్లు ఉన్నాడు. ఆయన దృష్టిలో ధన్యత అనేది దాచుకునే వస్తువు కాదు, చేస్తూ ఉండే పని. ఒలింపిక్స్‌లో కిరీటం అందగాళ్లకో బలవంతులకో ఇవ్వరు, బరిలోకి దిగినవాళ్లలో గెలిచినవాళ్లకే ఇస్తారు. గుణం ఉండి జీవితమంతా నిద్రపోయినవాణ్ణి ధన్యుడు అనలేం. కాబట్టి ఆయన నిర్వచనంలో సద్గుణం ప్రకారం మనసు పనిచేస్తూ ఉండాలి, అదీ ఒక నిండు జీవితకాలం పాటు. ఒక్క వానకోయిల కనబడినంత మాత్రాన వసంతం రాదంటాడు.

చేయాల్సిన పని అనగానే దానికి సరంజామా కావాలి. ఉదారంగా ఉండాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. న్యాయంగా ఉండాలంటే ఎదుట మనుషులుండాలి. అరిస్టాటిల్ తన గ్రంథంలో రెండు పూర్తి భాగాలు స్నేహానికే కేటాయించాడు, ఎందుకంటే మిగతా సంపదలన్నీ ఉన్నా స్నేహితులు లేకుండా బతకాలని ఎవరూ కోరుకోరు. ఇక్కడ బయటి విషయాలు రెండు రకాలుగా పనికొస్తాయి. డబ్బు, పదవి లాంటివి పనిముట్లు. పిల్లలు, స్నేహితులు పనిముట్లు కారు, బతుకులోనే భాగం. పనిముట్టు పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. స్నేహితుడు పోతే ఆ స్నేహమనే పనే ఆగిపోతుంది. ఎంత గొప్ప గుణమున్నా లేని మనిషితో స్నేహం చేయలేడు కదా.

ఇందుకు అరిస్టాటిల్ ఎంచుకున్న ఉదాహరణ ట్రాయ్ రాజు ప్రియామ్. హోమర్ చెప్పినట్టు గ్రీకులు దండెత్తి వచ్చేనాటికి అతనికి 50 మంది కొడుకులు. వాళ్లలో చాలామంది యుద్ధంలో పోయారు. చివరికి హెక్టర్ శవం కోసం శత్రువు గుడారానికి వెళ్లి, తన కొడుకుల్ని చంపిన అకిలీస్ చేతుల్నే ముద్దు పెట్టుకున్నాడు. ప్రియామ్ చెడ్డవాడు కాడు. ముసలితనం దాకా నిండుగానే బతికాడు. అలాంటి చివరి రోజులు చూసినవాణ్ణి ఎవరూ ధన్యుడు అనరని అరిస్టాటిల్ అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట చెబుతాడు. అలాంటి మనిషి ధన్యుడు కాకపోవచ్చు గానీ దౌర్భాగ్యుడు మాత్రం ఎన్నటికీ కాడు, ఎందుకంటే నీచమైన పని చేయడు. మంచి సేనాపతి ఉన్న సైన్యంతోనే బాగా పోరాడతాడు, మంచి చెప్పులు కుట్టేవాడు దొరికిన తోలుతోనే మంచి జోడు చేస్తాడు. మొద్దుబారడం వల్ల కాకుండా పెద్ద మనసు వల్ల కష్టాలను భరించినప్పుడు ఆ చీకటిలోంచి కూడా మంచితనం వెలుగుతుంది. ఈ మూడో స్థితిని ఒప్పుకోవడమే అరిస్టాటిల్ గొప్పతనం. ధన్యుడు, దౌర్భాగ్యుడు అన్న రెండు గళ్లలోకే అందర్నీ తోసెయ్యలేదు. మంచితనం చెడకుండానే బతుకు చితికిపోవచ్చని ఒప్పుకున్నాడు.

ధైర్యం గురించి రాస్తూ ఆయన ఇంకా లోతుకు వెళ్తాడు. మనిషిలో ఎంత సద్గుణం ఉంటే, ఎంత ధన్యుడైతే, చావంటే అంత ఎక్కువ బాధ ఉంటుందట. అందరికంటే బతకదగ్గ బతుకు అతనిదే, పోగొట్టుకునేది ఎంతటిదో అతనికే తెలుసు. అయినా యుద్ధంలో నిలబడతాడు. ఇది మామూలు మాట కాదు. సద్గుణం మనిషికి కవచమని తరతరాలుగా వింటున్నాం. అరిస్టాటిల్ చెప్పింది దాదాపు దానికి ఎదురు. ప్రేమించడం నేర్చినవాడికే పోగొట్టుకోవడానికి చాలా ఉంటుంది. నీతి గురించి ఇంత సత్యమైన మాట ప్రాచీన గ్రంథాల్లో అరుదుగా దొరుకుతుంది.

ఆయన ఇదంతా గదిలో కూర్చుని ఊహించిన మనిషి కాడు. ప్లేటో పోయాక ఆసియా మైనర్ తీరాన హెర్మియాస్ అనే పాలకుడి దగ్గర కొన్నాళ్లున్నాడు. హెర్మియాస్ బంధువైన పిథియాస్‌ను పెళ్లి చేసుకున్నాడు. క్రీ.పూ. 341 ప్రాంతంలో పర్షియన్లు హెర్మియాస్‌ను మోసంతో పట్టుకుని చిత్రహింసలు పెట్టి చంపారు. అరిస్టాటిల్ స్నేహితుడి కోసం ఒక కీర్తన రాశాడు. అది ఇప్పటికీ మిగిలి ఉంది. ఆ కీర్తన పిలిచేది ఏ దేవుణ్ణో కాదు, సద్గుణాన్నే. నీ అందం కోసం చావడం కూడా గ్రీసులో అసూయపడదగ్గ భాగ్యమే అంటాడు అందులో. చక్రం మీది మనిషి గురించి ఎథిక్స్‌లోని కటువైన మాట పక్కన ఈ కీర్తన పెట్టి చదివితే రెండూ ఒకే మనసులోంచి వచ్చాయని తెలుస్తుంది. స్నేహితుడి గుణానికి చేతులెత్తి మొక్కాడు, అలాగని ఆ చావును శుభం కింద జమకట్టలేదు.

ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ ఇంకో అడుగు ముందుకేశాడు. బతుకును నడిపేది తెలివి కాదు, అదృష్టమే అన్న మాటను మెచ్చుకున్నాడని, అందుకు తిట్లు తిన్నాడని రోమన్ రచయిత సిసిరో రాశాడు. ఆ మాట వచ్చిన పుస్తకం పేరు 'కాలిస్థెనిస్'. అరిస్టాటిల్ బంధువైన కాలిస్థెనిస్ అలెగ్జాండర్ వెంట దండయాత్రకు వెళ్లి, రాజును ఎదిరించి, బందీగా చనిపోయాడు.

ఇక్కడ స్టోయిక్కులు అడ్డం తిరిగారు. సైప్రస్‌లోని కిటియం నుంచి వచ్చిన జీనో ఓడ మునిగి సరుకంతా పోగొట్టుకుని ఏథెన్స్‌లో తేలాడని, అక్కడ ఒక పుస్తకాల కొట్టులో సోక్రటీస్ గురించి విని తత్వంలోకి వచ్చాడని కథ ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో అతను రంగుల చిత్రాలున్న మండపంలో పాఠాలు మొదలుపెట్టాడు. గ్రీకులో మండపాన్ని 'స్టోవా' అంటారు, అందుకే ఆ పేరు. వాళ్ల సిద్ధాంతం సోక్రటీస్ మాటకు చివరి మెట్టు. సద్గుణం ఒక్కటే మంచిది, దుర్గుణం ఒక్కటే చెడ్డది. ఆరోగ్యం, డబ్బు, పిల్లలు, ప్రాణం ఏవీ మంచివీ కావు, చెడ్డవీ కావు. దొరికితే తీసుకోవచ్చు, కోరుకోవడం సహజమే, కానీ అవి పోయినంత మాత్రాన ధన్యతకు రవ్వంత లోటు రాదు. చక్రం మీదున్న జ్ఞాని ధన్యుడే. సుఖమే పరమార్థమన్న ఎపిక్యూరస్ కూడా ఈ ఒక్క విషయంలో వాళ్ల పక్కనే నిలబడటం ఆశ్చర్యం. చివరి రోజున మూత్రం బిగిసి భరించలేని నొప్పిలో ఉండి కూడా, ఇది నాకు ధన్యమైన రోజు అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పాత స్నేహాల జ్ఞాపకం ఆ నొప్పిని మించిందట.

స్టోయిక్కులను రాతిగుండె మనుషులనడం అన్యాయం. వాళ్ల జ్ఞానికి మనుషుల మీద శ్రద్ధ ఉంటుంది, బాధ్యతలుంటాయి. కానీ తట్టుకునే బలం కోసం వాళ్లు చెల్లించిన ధర చిన్నది కాదు. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు, నేను ముద్దు పెట్టుకుంటున్నది చావున్న మనిషిని అని మనసులో అనుకోమంటాడు ఎపిక్టెటస్. అలా అనుకుంటే రేపు బిడ్డ పోయినా కలత ఉండదు. ఒత్తిడికి మందుగా ఈరోజు స్టోయిక్ కొటేషన్లు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. ఆఫీసు టెన్షన్‌కు, ట్రాఫిక్‌లో కోపానికి అవి పనికొస్తాయేమో. కానీ బిడ్డ మీది ప్రేమను కూడా ముందుగానే ఇంత కొలతగా పెట్టుకోమన్న సలహా ఆ మందులో అసలు మోతాదు. దాన్ని మింగగలమా అన్నది తేల్చుకోకుండా మిగతా కొటేషన్లు పంచుకోవడం తేలిక.

సిసిరో జీవితంలో ఈ రెండు పక్షాలూ ఢీకొన్నాయి. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో కూతురు టుల్లియా చనిపోయింది. అదే ఏడాది ఆయన రాసిన 'టస్కులన్ సంభాషణలు' చివరి భాగంలో ధన్యమైన బతుకుకు సద్గుణం ఒక్కటే చాలని గట్టిగా వాదించాడు. కానీ ఆ వసంతంలో స్నేహితుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాలు వేరే సంగతి చెబుతాయి. పొద్దున్నే దట్టమైన అడవిలోకి వెళ్లి సాయంత్రం దాకా బయటికి రానని, చదువుతుంటే మధ్యలో ఏడుపు ఆపుకోలేకపోతున్నానని రాశాడు. కూతురికి గుడి కట్టించాలని స్థలాలు వెతికాడు. దీన్ని కపటమనకూడదు. ఏ సిద్ధాంతం తనను నిలబెట్టగలదో దాన్ని పట్టుకుని వేలాడిన మనిషి ఆయన. అయినా అట్టికస్‌కు రాసిన ఉత్తరాలే అరిస్టాటిల్ వైపు సాక్ష్యం చెబుతున్నాయి. అస్కలాన్‌కు చెందిన తత్వవేత్త ఆంటియోకస్ అప్పటికే ఒక రాజీ సూచించాడు. ధన్యమైన బతుకుకు సద్గుణం చాలు, పరిపూర్ణ ధన్యతకు మాత్రం ఆరోగ్యం, స్నేహం లాంటివి కూడా కావాలన్నాడు. అది స్టోయిక్కులకు నచ్చలేదు. ధన్యతలో ఎక్కువ తక్కువలేమిటని వాళ్ల అభ్యంతరం. తర్కంలో వాళ్లే గట్టి. బతుకులో ఎక్కువ తక్కువలుంటాయని మాత్రం అందరికీ తెలుసు.

అరిస్టాటిల్ వైపు నిలబడేవాళ్లు ఒక మరకను దాటి వెళ్లకూడదు. బయటి వసతులు లేకుండా నిండైన బతుకు లేదన్నప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. వసతులు అందరికీ అందాలనొచ్చు, లేదా అందనివాళ్లకు ఆ బతుకు రాసిపెట్టి లేదనొచ్చు. ఆయన చాలా చోట్ల రెండో దారే పట్టాడు. 'పాలిటిక్స్'లో కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు, ఆడవాళ్లకు పాలించే బుద్ధి చాలదన్నాడు, చేతిపనివాళ్లకు సద్గుణం సాధించే తీరిక ఉండదు కాబట్టి మంచి నగరంలో పౌరసత్వమే ఇవ్వొద్దన్నాడు. ఈ చోట స్టోయిక్కులే మేలు. సద్గుణం దేనిమీదా ఆధారపడదు అన్నప్పుడు అది బానిసకూ అందుతుంది. ఎపిక్టెటస్ బానిసగా పుట్టి, కుంటికాలితో బతికి, విడుదలై, నికోపొలిస్‌లో గురువయ్యాడు. అతన్ని గౌరవంగా తలుచుకున్నవాళ్లలో చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ ఒకడు. కానీ ఆ తలుపు తెరిచిన వాదమే ఇంకో తలుపు మూసింది. సంకెళ్లు ధన్యతకు అడ్డు కాకపోతే వాటిని తెంచాల్సిన తొందర కూడా ఉండదు. బానిసలు మనలాంటి మనుషులే అన్న స్టోయిక్కులు బానిసత్వాన్ని రద్దు చేయమని ఉద్యమించలేదు.

అరిస్టాటిల్‌లో మొదటి దారి కూడా ఉంది, సన్నగా. ఎవరైనా సరే బాగా పనిచేస్తూ ధన్యంగా బతకగలిగే ఏర్పాటే ఉత్తమ రాజ్యాంగమని 'పాలిటిక్స్' ఏడో భాగంలో అంటాడు. అదే భాగంలో ఊరికి గాలి ఏ వైపు నుంచి రావాలో, మంచినీళ్లు చాలకపోతే తాగే నీళ్లను వాడుక నీళ్ల నుంచి ఎలా వేరుగా ఉంచాలో రాస్తాడు. పేదవాళ్లు తమ వాటా తేలేక సామూహిక భోజనాలకు దూరమవుతారు కాబట్టి ఆ ఖర్చు ఉమ్మడి భూముల ఆదాయం నుంచి పెట్టాలంటాడు. నీతిశాస్త్రం రాసిన మనిషి నీళ్ల గురించి, అన్నం గురించి రాయడం యాదృచ్ఛికం కాదు. గుణం పనిచేయాలంటే సరంజామా కావాలన్నాక ఆ సరంజామా సమకూర్చడం ఊరి బాధ్యత అవుతుంది. ఆ భూములు దున్నేవాళ్లు బానిసలై ఉండాలని అక్కడే రాయడం కూడా యాదృచ్ఛికం కాదు, అది ఆయన వాదంలోని అన్యాయం.

ఆ సన్నని దారినే ఆర్థికవేత్త అమర్త్యసేన్, తత్వవేత్త మార్తా నుస్బామ్ 1980ల చివర్లో వెడల్పు చేశారు. డబ్బు మనం వెతికే మేలు కాదు, ఇంకోదానికి పనికొచ్చే సాధనమే అన్న అరిస్టాటిల్ వాక్యాన్ని సేన్ తన రచనల్లో తీసుకొచ్చాడు. దేశానికి ఎంత ఆదాయం ఉందని కాకుండా, ఒక్కో మనిషి నిజంగా ఏం చేయగలుగుతున్నాడు, ఎలా ఉండగలుగుతున్నాడు అని లెక్క చూడాలన్నారు ఇద్దరూ. 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి మొదటి మానవాభివృద్ధి నివేదికలో ఆయుర్దాయం, అక్షరాస్యత ఆదాయం పక్కన చేరడంలో ఈ ఆలోచన పాత్ర పెద్దది. అరిస్టాటిల్ జాబితాలోంచి తోసేసిన ఆడవాళ్లు, చేతిపనివాళ్లు, పొలం దున్నేవాళ్లు ఈ లెక్కలో మొదటి వరసలో ఉన్నారు.